ఇంటి చుట్టూ చైన్‌లింక్ కంచె ఎలా వేసుకోవాలి: ముందు మూలలు, తర్వాతే జాలీ

చైన్‌లింక్ కంచె చూడ్డానికి తేలికైన పనిలా ఉంటుంది. పైపులు పాతడం, జాలీ లాగి కట్టడం, అంతే కదా అనిపిస్తుంది. ఇద్దరు మనుషులు, కాస్త ఓపిక ఉంటే మామూలు ఇంటి స్థలానికి సొంతంగా వేసుకోవచ్చు కూడా. కానీ దారిలో వెళ్తూ ఒకసారి గమనించండి, వేసి ఏడాది కూడా కాకుండానే పొట్ట ఉబ్బినట్టు జారిపోయిన జాలీలు, లోపలికి వాలిపోయిన మూల పైపులు ఎన్ని కనిపిస్తాయో. దగ్గరికెళ్లి చూస్తే జాలీ కొత్తగానే ఉంటుంది, మధ్య పైపులు కూడా నిటారుగానే ఉంటాయి, కదిలింది మాత్రం మూల. జాలీ బిగువంతా మోసేది మూల పైపులు, గేటు పైపులే. మధ్యలో ఉన్నవి దాన్ని నిలబెడతాయి, అంతకుమించి ఏమీ చెయ్యవు. అందుకే నేను మూలల గురించి ఎక్కువసేపు చెప్తాను, మిగతావి తొందరగా దాటేస్తాను.

ముందు హద్దు

పలుగు పట్టుకునే ముందు హద్దు రాళ్లు వెతికి శుభ్రం చేసుకోండి. రాయి కనపడకపోతే అంచనాతో మొదలుపెట్టకండి, కొలిపించండి. పక్కింటివాళ్లని పిలిచి దారం కట్టి చూపించి, వాళ్లు సరే అన్నాకే తవ్వండి. పాతిన పైపు పీకడం కన్నా ఒక పూట మాట్లాడుకోవడం చాలా సులువు. ఎంత ఎత్తు వరకు వేసుకోవచ్చు, రోడ్డు వైపు ఎంత వదలాలి అనే నిబంధనలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి కాబట్టి అవి కూడా ముందే కనుక్కోండి. అలాగే నేల కింద నీళ్ల పైపు, కరెంటు కేబుల్, డ్రైనేజీ ఎటు వెళ్తున్నాయో తెలుసుకోకుండా పలుగు వెయ్యొద్దు.

దారాన్ని సరిగ్గా హద్దు మీద కట్టకండి. కాంక్రీట్ గుంట 12 అంగుళాల వెడల్పు ఉంటే అందులో సగం, అంటే 6 అంగుళాలు, పైపు మధ్య నుంచి బయటికి వస్తుంది. అది అవతలి స్థలంలోకి పోకూడదు. కాబట్టి పైపుల వరస హద్దుకి 7, 8 అంగుళాలు లోపలికి ఉండేలా చూసుకోండి. స్థలం మూలలు సరిగ్గా మూలమట్టానికి రాకపోయినా ఫర్వాలేదు. కంచె హద్దుని అనుసరించాలి, అందంగా చతురస్రం చెయ్యాలని హద్దు వదులుకోవద్దు.

ఏం కావాలి, ఎంత కావాలి

ఒక ఉదాహరణతో లెక్క వేసుకుందాం. స్థలం 60 అడుగులు × 40 అడుగులు, ఒక 40 అడుగుల వైపు మధ్యలో 10 అడుగుల గేటు, జాలీ ఎత్తు 5 అడుగులు అనుకోండి. చుట్టుకొలత 200, గేటు పోను 190 అడుగుల జాలీ. రోల్ 50 అడుగులది అయితే 4 రోల్స్. మధ్య పైపుల మధ్య దూరం 8 అడుగులు మించకుండా పెట్టుకుంటే 60 అడుగుల వైపు 7 చొప్పున, గేటు లేని 40 అడుగుల వైపు 4, గేటు వైపు అటొకటి ఇటొకటి, మొత్తం 20 మధ్య పైపులు వస్తాయి. మూలలు 4, గేటుకి 2. ఇవి కాక మూలలకి రెండేసి, గేటు పైపులకి ఒక్కొక్కటి చొప్పున 10 ఏటవాలు సపోర్టులు. దూరం 10 అడుగుల వరకు పెంచినా పని నడుస్తుంది కానీ గాలి ఎక్కువ ఉండే చోట, పశువులు వచ్చి ఒరుసుకునే చోట నేనైతే 8 దాటను.

జాలీ కొనేటప్పుడు గేజ్ అని అడిగితే సరిపోదు. గేజ్ అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది, పైగా ఆ లెక్కలు కూడా ఒక్కో దేశంలో ఒక్కోలా ఉన్నాయి. తీగ మందం మిల్లీమీటర్లలో అడగండి. ఇంటికి 3 మి.మీ. కన్నా తక్కువ వద్దు. ప్లాస్టిక్ పూత ఉన్న జాలీ తీసుకుంటుంటే ఇంకో మెలిక ఉంది: చాలాసార్లు పూతతో కలిపిన మందమే చెప్తారు, మీకు కావలసింది లోపలి ఇనుప తీగ మందం. ఒక చివర పూత గోకి కొలవమనండి, మొహమాటపడకండి. గడి 2 అంగుళాలది మామూలుగా సరిపోతుంది.

జాలీ అంచులు రెండు రకాలు. తీగ చివరని వెనక్కి వంచి ముడిచినది ఒకటి, రెండు తీగలని మెలేసి మొనలు వదిలేసినది ఇంకొకటి. ఇంట్లో పిల్లలు, కుక్కలు ఉంటే రెండు వైపులా ముడిచినదే తీసుకోండి. మొనలు ఉన్నది చొక్కాలతో పాటు చేతుల్ని కూడా చీరుస్తుంది.

మూలలకి, గేటుకి 2.5 అంగుళాల జీఐ (జింక్ పూత వేసిన ఇనుము) పైపు, మధ్యలో 2 అంగుళాలది, పైపు గోడ మందం 2 మి.మీ. తగ్గకుండా. మూల పైపు పొడవు 8 అడుగులు, మధ్య పైపు 7 అడుగులు, సపోర్టులు 6 అడుగులు. జాలీని మోయడానికి పైన, మధ్యలో, కింద మూడు వరసల లైన్ వైరు, వాటిని మర తిప్పి బిగించడానికి టర్న్‌బకిల్స్, జాలీ చివరల్లో గుచ్చడానికి టెన్షన్ బార్లు, వాటిని పైపుకి పట్టి ఉంచే క్లాంపులు అడుగుకొకటి చొప్పున. కట్టడానికి జీఐ తీగే వాడండి. స్లాబు రాడ్లు కట్టే నల్ల బైండింగ్ వైరు చవకగా, మెత్తగా ఉంటుందని చాలామంది అదే వాడేస్తారు, దానికి జింక్ పూత ఉండదు కాబట్టి త్వరగా తుప్పు పట్టి తెగుతుంది, అప్పుడు జాలీ ఒక్కో ముడి దగ్గర వదులైపోతూ వస్తుంది. పైపులన్నిటికీ మూతలు కూడా కొనండి. మూత లేని పైపులో వాన నీళ్లు నిలిచి లోపలి నుంచి తుప్పు పడుతుంది, అది బయటికి కనపడే సరికి పైపు పని అయిపోయి ఉంటుంది.

మూల పైపులు

నాలుగు మూలలు, గేటు దగ్గర రెండు, ఈ ఆరు ముందు నిలబెట్టాలి. మిగతా 20 గురించి ఇప్పుడు ఆలోచించకండి. గుంట 12 అంగుళాల వెడల్పు, 2 అడుగుల 9 అంగుళాల లోతు. అడుగున 3 అంగుళాలు కంకర వేసి దిమ్మిస కొట్టండి, పైపులోకి దిగిన నీరు అక్కడ ఇంకిపోతుంది. గుంట అడుగు భాగం పైకన్నా కాస్త వెడల్పుగా ఉండాలి, గరాటులా కింద సన్నబడితే కాంక్రీట్ దిమ్మ మొత్తం పైకి వచ్చేసే అవకాశం ఉంది. మెత్తటి నేల, పోసిన మట్టి అయితే ఇంకో అర అడుగు లోతు వెళ్లండి, పైపు కూడా అంత పొడవుది తీసుకోండి. చలికి నేల గడ్డకట్టే ప్రాంతాల్లో ఆ గడ్డకట్టే లోతు కన్నా కిందికి గుంట వెళ్లాలి, లేకపోతే ప్రతి శీతాకాలం దిమ్మ కొంచెం కొంచెం పైకి లేస్తుంది.

కాంక్రీట్ 1:2:4, అంటే సిమెంట్ ఒక పాలు, ఇసుక రెండు, కంకర నాలుగు. మన ఉదాహరణకి మొత్తం ఒక క్యూబిక్ మీటర్ దాటి కొంచెం పడుతుంది, 50 కిలోల బస్తాలు 7 దాకా అవుతాయి. నీళ్లు తక్కువ పొయ్యండి, చేతిలో పట్టుకుంటే ముద్దలా నిలవాలి, జారిపోకూడదు. పోస్తూ రాడ్డుతో పొడుస్తూ ఉంటే గాలి బయటికి వస్తుంది. పైపుకి రసమట్టం ఒక పక్క పెట్టి చూస్తే చాలదు, పక్కపక్కన ఉన్న రెండు వైపులా పెట్టి చూడండి. దిమ్మ పైభాగం నేలకి అంగుళం ఎత్తులో, పైపు నుంచి బయటికి వాలుగా నున్నగా చెయ్యండి. అక్కడ గిన్నెలా గుంట మిగిలితే నీరు నిలిచేది సరిగ్గా పైపు మొదట్లోనే, తుప్పు కూడా అక్కడే మొదలవుతుంది.

ఇప్పుడు సపోర్ట్. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. జాలీ మూల పైపుని తన వైపుకి లాగుతుంది కాబట్టి పైపు వాలేది జాలీ వైపే. సపోర్ట్ కూడా అటువైపే, కంచె వరసలోనే, పైపు పడబోయే దిక్కున కర్ర అడ్డుపెట్టినట్టు ఉండాలి. వెనక వైపు పెడితే అది ఊరికే నిలబడి ఉంటుంది, దేన్నీ ఆపదు. నేల నుంచి మూడున్నర అడుగుల ఎత్తులో పైపుకి బోల్టుతో పట్టించి, సుమారు 45 డిగ్రీల వాలులో దించి, కింది కొసకి అడుగు లోతు గుంటలో విడిగా కాంక్రీట్ వెయ్యండి. మూల దగ్గర రెండు వైపుల నుంచీ లాగుడు ఉంటుంది కాబట్టి రెండు సపోర్టులు, గేటు పైపుకి జాలీ ఒక వైపే కాబట్టి ఒకటి. వరస 100 అడుగులు దాటితే మధ్యలో కూడా మూల పైపు లాంటిదే ఒకటి, రెండు వైపులా సపోర్టులతో పెట్టుకోండి.

కాంక్రీట్ ఆరేదాకా ఆగాలి. ఏడు రోజులు, రోజూ తడుపుతూ. ఈ మాట అందరూ చెప్తారు, ఎవరూ ఆగరు, నేనూ ఆగలేదు. మొదటిసారి మా పెరటి వైపు వేసినప్పుడు మూడో రోజుకే దిమ్మ రాయిలా గట్టిగా అనిపించింది, కాలితో తన్ని చూసి జాలీ లాగేశాం. ఆ సాయంత్రం అంతా బాగానే ఉంది. మర్నాడు పొద్దున చూస్తే పైపుకి, కాంక్రీట్‌కి మధ్య గోరు పట్టేంత సందు, జాలీ పైఅంచు సన్నగా కిందికి జారి ఉంది. మళ్లీ బిగిద్దామంటే ఇంకాస్త వాలింది తప్ప బిగువు రాలేదు. చివరికి జాలీ మొత్తం విప్పి, దిమ్మ పగలగొట్టి, కొత్తగా పాతాల్సి వచ్చింది. నాలుగు రోజులు మిగులుతాయనుకుంటే రెండు వారాలు పోయాయి. దయచేసి ఆగండి.

మధ్య పైపులు

ఆగే ఈ వారంలో మధ్య పైపులు పాతుకోవచ్చు. గుంట 10 అంగుళాల వెడల్పు, 2 అడుగుల 3 అంగుళాల లోతు, అడుగున అలాగే 3 అంగుళాల కంకర. ఒక మూల నుంచి ఇంకో మూలకి, బయటి వైపు ఆనేలా, పైన ఒక దారం, నేల దగ్గర ఒక దారం గట్టిగా లాగి కట్టండి. ప్రతి పైపునీ ఈ రెండు దారాలకీ దగ్గరగా నిలబెట్టాలి కానీ తాకనివ్వకూడదు. మధ్యలో అగ్గిపుల్ల మందం సందు ఉండాలి. ఒక పైపు దారాన్ని కొంచెం నెట్టిందనుకోండి, తర్వాతి పైపు ఆ నెట్టిన దారాన్ని చూసి నిలబడుతుంది, అది ఇంకాస్త నెడుతుంది, పదో పైపు దగ్గరికి వచ్చేసరికి వరస విల్లులా వంగి ఉంటుంది, మీకు మాత్రం అన్నీ దారానికి సరిగ్గానే కనిపిస్తాయి. ఆ సందు ఉంచితే ఈ గొడవ ఉండదు.

నేల ఎగుడుదిగుడుగా ఉంటే పైపులు మాత్రం ఎప్పుడూ నిటారుగానే ఉండాలి, వాలుకి లంబంగా కాదు. కొద్దిపాటి వాలుకి జాలీ తనంతట తనే సర్దుకుంటుంది, గడులు పక్కకి ఒరుగుతాయి అంతే. వాలు బాగా ఎక్కువైతే మెట్లు మెట్లుగా వెయ్యాలి, ప్రతి మెట్టు దగ్గరా ఒక గట్టి పైపు, దానికి సపోర్ట్ కావాలి.

లైన్ వైర్లు, ఆ తర్వాత జాలీ

ముందు మూడు లైన్ వైర్లు కట్టండి. టర్న్‌బకిల్‌ని దాదాపు పూర్తిగా విప్పి, వైరుని చేత్తో ఎంత వీలైతే అంత లాగి ముడేసి, అప్పుడు తిప్పడం మొదలుపెట్టండి. సగం బిగించి ఉన్న టర్న్‌బకిల్ పెడితే బిగువు రాకముందే మర అయిపోతుంది. కింది వైరు నేలకి 2 అంగుళాల పైన ఉండాలి. కుక్కలు తవ్వుకుని దూరే భయం ఉంటే ఆ సందులో వరస పొడవునా సన్న కాంక్రీట్ కట్ట పోసుకోవడం మంచిది.

జాలీని అర్థం చేసుకుంటే పని సగం తగ్గుతుంది. 1844లో ఇంగ్లండ్‌లోని నార్విచ్‌లో చార్లెస్ బర్నార్డ్ అనే ఆయన బట్ట నేసే మగ్గాన్ని చూసి ఇనుప తీగ నేసే యంత్రం తయారు చేశాడు, ఈ జాలీ కూడా దానితోనే వచ్చిందని చెప్తారు. అయితే బట్టలో లాగా దీనిలో పడుగు, పేక లేవు. ప్రతి తీగ వంకరలు తిరిగి పక్క తీగలోకి స్ప్రింగులా మెలిపడి ఉంటుంది. కాబట్టి ఎక్కడ కావాలంటే అక్కడ కట్టర్ లేకుండానే జాలీని రెండు ముక్కలు చెయ్యొచ్చు. వేరు చెయ్యాల్సిన చోట ఒక తీగని ఎంచుకుని, పైన ఒకటి, కింద ఒకటి ముడిచిన కొసల్ని ప్లయర్‌తో తెరిచి, ఆ తీగని పై కొస పట్టుకుని మర విప్పినట్టు తిప్పుతూ పైకి లాగండి. మొదటి నాలుగైదు చుట్లు మొరాయిస్తుంది, తర్వాత గిరగిరా తిరుగుతూ వచ్చేస్తుంది. అది బయటికి రాగానే జాలీ రెండుగా విడిపోతుంది. రెండు రోల్స్ కలపడం కూడా ఇదే తీరు, తిరగేసి: రెండు అంచులు పక్కపక్కన పెట్టి, విడి తీగ ఒకటి పైనుంచి తిప్పుతూ దించి, కొసలు మళ్లీ ముడవండి. గడులు కుదరకపోతే, అంటే రెండు అంచుల్లోనూ వంపులు ఒకే వైపు తిరిగి ఉంటే, ఒక రోల్ నుంచి ఇంకో తీగ తీసెయ్యండి, సరిపోతుంది. సరిగ్గా కలిపితే అతుకు ఎక్కడుందో మీకే దొరకదు.

రోల్‌ని కంచె బయటి వైపు నేల మీద పరుచుకుంటూ వెళ్లి, నిలబెట్టి, పై లైన్ వైరుకి అక్కడక్కడ తాత్కాలికంగా కట్టండి. చేతికి గ్లోవ్స్, కంటికి అద్దాలు తప్పకుండా పెట్టుకోండి, రోల్ కట్లు తెంపగానే కొస ఎగిరి వస్తుంది. జాలీ బయటి వైపే ఎందుకంటే, బయటి నుంచి ఎవరు నెట్టినా, ఏ పశువు ఆనుకున్నా అది పైపులకి నొక్కుకుంటుంది, కట్టు తీగల మీద భారం పడదు. ఇంకో మాట, మూల దగ్గర జాలీని మడిచి పక్క వైపుకి తిప్పెయ్యొద్దు. ఒక్కో వైపు ఒక్కో ముక్కగా మూలలో ఆపేస్తేనే దేనికది బిగించడం కుదురుతుంది.

ఒక మూల దగ్గర జాలీ చివరి గడుల్లోంచి టెన్షన్ బార్ గుచ్చి, క్లాంపులతో పైపుకి బిగించండి. అవతలి చివర జాలీ పైపుకి 3 అడుగుల దూరంలో ఉండగానే ఇంకో బార్ గుచ్చి, దానికి చేత్తో ఆడించే వైర్ పుల్లర్ తగిలించి, రెండో కొక్కెం మూల పైపుకి వేసి నెమ్మదిగా లాగండి. పుల్లర్ బార్‌కి మధ్యలో ఉండాలి, లేకపోతే పైన బిగిసి కింద వదులుగా ఉంటుంది. ఒకరు లాగుతుంటే ఇంకొకరు వరస వెంట నడుస్తూ జాలీని పట్టి ఊపుతూ ఉండాలి. ఊపకపోతే దగ్గరి గడులే సాగుతాయి, దూరంగా ఉన్నవి అలాగే ఉంటాయి. ఎంత బిగువు అంటే, ఒక గడిలో ఎదురెదురు తీగల్ని బొటనవేలు, చూపుడువేలుతో గట్టిగా నొక్కితే పావు అంగుళం కదలాలి. అంతకన్నా ఎక్కువ నలిగితే ఇంకా లాగాలి, అస్సలు కదలకపోతే పుల్లర్ పళ్లలో ఒక పన్ను మేర వదులు చెయ్యండి. సరిపోయాక ఎక్కువైన జాలీని పైన చెప్పినట్టు తీగ విప్పి వేరు చేసి, అసలు చివరలో మూడో బార్ గుచ్చి క్లాంపులు బిగించి, అప్పుడే పుల్లర్ వదలండి.

కట్టు తీగలు మధ్య పైపులకి అడుగుకొకటి, లైన్ వైర్లకి రెండు అడుగులకొకటి. కొసలు బయటికి పొడుచుకు రాకుండా మడిచెయ్యండి, పిల్లల చేతులు అక్కడే తిరుగుతాయి.

గేటు

గేటు కింద 2 అంగుళాల సందు వదలండి, రెండు రెక్కల మధ్య, పైపుల పక్కన కూడా కీలుకి తగ్గ సందు లెక్కేసుకోండి. కొక్కెం మేకుల కీళ్లు అయితే కింది మేకు మొన పైకి, పై మేకు మొన కిందికి ఉండేలా పెట్టండి, అప్పుడు ఎవరూ గేటుని ఎత్తి పక్కన పెట్టలేరు. రెండూ పైకి ఉంటే తాళం వేసి కూడా ఉపయోగం లేదు.

అంతా అయ్యాక

కోసిన చోట్ల, వెల్డింగ్ చేసిన చోట్ల, డ్రిల్లు వేసిన రంధ్రాల దగ్గర జింక్ పూత పోయి ఉంటుంది. అదే రోజు జింక్ పెయింట్ రెండు పూతలు వెయ్యండి.

తర్వాతెప్పుడో చాటు కోసమని దీనికి గ్రీన్ నెట్ కట్టాలని, తీగ మొక్కలు దట్టంగా పాకించాలని అనిపిస్తే ఒకసారి ఆలోచించండి. గాలి గడుల్లోంచి దాటిపోతుందనే లెక్కతోనే ఈ పైపులు ఇంత సన్నగా, ఇంత దూరంగా పెట్టాం. నెట్ కట్టగానే అది తెరచాప అయిపోతుంది, ఒక గాలివానకే వరస మొత్తం ఒరగొచ్చు. అలాంటి ఆలోచన మొదటి నుంచే ఉంటే పైపుల దూరం 6 అడుగులకి తగ్గించి, మందం, లోతు పెంచుకోండి. కంచెకి కరెంటు వైర్లు, బల్బుల తీగలు మాత్రం ఎప్పుడూ చుట్టకండి. చుట్టూ ఉన్నదంతా ఒకటే లోహం, ఒక్కచోట తొడుగు చిరిగినా ఆ చివర పట్టుకున్నవాళ్లకి కూడా షాక్ కొడుతుంది.

మొదటి పెద్ద వాన తర్వాత ఒకసారి చుట్టూ తిరిగి దిమ్మల చుట్టూ మట్టి కుంగిందేమో చూసి నింపండి, టర్న్‌బకిల్స్ ఒక చుట్టు బిగించండి. మిగిలిన 10 అడుగుల జాలీ పారెయ్యొద్దు. ఎప్పుడైనా కంచెలో ఒక తీగ తెగితే కొత్త రోల్ అక్కర్లేదు, దాచిన ముక్కలోంచి ఒక్క తీగ మర విప్పినట్టు తీసి, తెగినదాన్ని తీసేసిన చోట తిప్పుతూ దించితే చాలు.